పదకొండో మెట్టు

నూకరత్నం భుజం మీద డెబ్బై రెండు కిలోల మనిషి వేలాడుతున్నాడు. ఆమె కుడిచెయ్యి మెట్ల రెయిలింగ్‌ని పట్టుకుంది, ఎడమచెయ్యి ఆయన నడుం చుట్టూ బిగిసింది, పాదాలు నున్నటి గ్రానైటు మీద జారుతున్నాయి. వెనక తొమ్మిది మెట్లు. ఆ కింద పాలరాతి నేల.

ఎంతసేపు ఆపగలదో ఆమెకి లెక్క తెలుసు. అర నిమిషం. అంతకంటే ఒక్క క్షణం ఎక్కువ కాదు.

మెట్ల పక్కన పట్టా మీద జరుగుతూ మనిషిని మేడెక్కించే కుర్చీ పదకొండో మెట్టు దగ్గర ఉన్నట్టుండి ఆగి, ఎవరూ అడక్కుండానే గిర్రున మెట్ల వైపు తిరిగింది. నడుం బెల్టు దానంతటదే ఊడింది. కూర్చున్న తాతాజీగారు ముందుకి ఒరిగిపోయారు. పద్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చాక ఆయన కుడిచెయ్యి, కుడికాలు చెప్పినమాట వినడం మానేశాయి. నోటిమాటా అప్పుడే పోయింది. మిగిలిన ఎడమచేత్తో కుర్చీ అంచు అందుకున్నారు. ఒళ్ళంతా ఆ ఒక్క చేతికి వేలాడేసరికి భుజం కీలు తప్పిన చప్పుడు రెండు మెట్లు కింద ఉన్న నూకరత్నానికి స్పష్టంగా వినిపించింది. నెలవారీ సర్వీసింగుకి వచ్చి, మెడలో ట్యాబ్ తగిలించుకుని రీడింగులు చూస్తున్న మనిషి ఆమె. ఒక్క అంగలో ఎదురెళ్ళి భుజం అడ్డం పెట్టింది.

"హైమక్కా, పైనుంచి రండి. కుర్చీ వెనకాల ఎర్ర మీట ఉంది, కిందికి లాగండి."

గొంతులో కంగారు లేదు. కంగారుపడితే అవతలి మనిషి చేతులు వణుకుతాయని ఆమెకి తెలుసు. తాతాజీగారి కూతురు హైమవతి పైగదిలోంచి పరుగున వచ్చి మీట లాగింది. కరెంటు ఆగింది. ఇద్దరూ కలిసి కుర్చీని చేత్తో వెనక్కి తిప్పి, ఆయన్ని అందులోకి నెట్టి, బెల్టు బదులు హైమవతి చున్నీతో కట్టేశారు. అప్పుడు గమనించింది నూకరత్నం, తన జడ ఇంకా ఆయన పిడికిట్లోనే ఉందని. కీలు తప్పిన చేతి వేళ్ళతో ఆయన ఆ జడని వదలలేదు. ఆయన ఎడమపాదం రెయిలింగ్ ఊచల మధ్యకి దూరి మెలిపడి ఉంది. జడ నుంచి ఒక్కొక్క చేతివేలూ విడదీయాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో కీలు సరిచేసి, చేతిని ఛాతీకి కట్టేసి, ఆరు వారాలు కదపకూడదన్నారు. ఆ చెయ్యే ఆయనకి నోరు. పలక మీద అక్షరాలు చూపించి కావలసింది అడిగేది దాంతోనే. ఇప్పుడు అదీ లేదు.

వరండాలో కూర్చున్నప్పుడు హైమవతి ట్యాబ్ ఇమ్మంది. నూకరత్నం ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించింది. తెరమీద రెండే వరుసలున్నాయి.

పదకొండో మెట్టు. దిగాలన్న సంకల్పం: 96 శాతం.
కూర్చున్నవారి కోరిక నెరవేర్చడమైనది.

హైమవతి ఆ వరుసల్ని మూడుసార్లు చదివింది. మెట్ల మధ్యలో దిగాలనుకోవడమంటే దూకాలనుకోవడమే. ట్యాబ్ తిరిగిచ్చేసి, నాన్నని ఇక పైగదిలో ఉంచలేనని చెప్పింది. ఆ గదికి బాల్కనీ ఉంది. అక్కణ్ణుంచి ఓడరేవు కనిపిస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళు రేవులో క్రేన్ నడిపినాయనకి రోజూ సాయంత్రం ఓడలు చూడకపోతే అన్నం సయించదు. ఆయన కోసమే కుర్చీ పెట్టించారు. ఇప్పుడా బాల్కనీయే ఆమెకి భయం. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు మానసిక వైద్యశాల ఉందట, తలుపులకి బయట గడియలుంటాయట, ఇరవైనాలుగు గంటలూ మనిషి కాపలా ఉంటారట. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి వాళ్ళ బండి వస్తుంది.

"మా నాన్నకి నేనేం తక్కువ చేశాను రత్నం?" అని మాత్రం ఒక్కసారి అడిగింది.

నూకరత్నం జడ ముందుకు వేసుకుని చూసుకుంది. వేళ్ళ మధ్య నలిగినచోట వెంట్రుకలు తెగి ఉన్నాయి. చావాలనుకున్నవాడు ఎదుటివాళ్ళ జుట్టు పట్టుకుని వేలాడడు.

"రేపు పన్నెండు లోపల తప్పు ఎవరిదో చెప్తాను," అంది. "అప్పటిదాకా ఆయన్ని పంపకండి."

*

జగన్నాథపురంలో ఒకప్పటి రైసుమిల్లు షెడ్డే డాక్టర్ సోమసుందర్ ప్రయోగశాల. వాళ్ళమ్మ మోకాళ్ళు పోయి తొమ్మిదేళ్ళు మేడ దిగకుండా, వీధి చూడకుండా పోయింది. ఆ కసితో కట్టాడు ఈ కుర్చీని. వెనక కరెంటు ఆపే ఎర్ర మీట తప్ప దీనికి నడిపే మీటల్లేవు. కూర్చునే దిండులో నాలుగువందల సన్నటి తీగలుంటాయి. మనిషి అడుగు వేయాలనుకుంటే కాలు కదిలే ముందే తొడ కండరంలో చిన్న అల లేస్తుంది. ఆ అలని దిండు చదివి ఎక్కాలనుకుంటే ఎక్కిస్తుంది, ఆగాలనుకుంటే ఆగుతుంది. కాకినాడ చుట్టుపక్కల నలభై ఒక్క ఇళ్ళలో పెట్టారు. మనసు తెలిసిన కుర్చీ అని పేరొచ్చింది.

తిరగడానికి మాత్రం మొన్నటిదాకా ఒక మీట ఉండేది. అది కూడా అక్కర్లేకుండా, మనిషి దిగాలనుకుంటే కుర్చీయే తిరిగి బెల్టు విప్పేలా కొత్త ప్రోగ్రాం చేశారు. ఇంతవరకూ ఆరు ఇళ్ళలోనే ఎక్కించారు. తాతాజీగారి కుర్చీలోకి ఆ ఉదయమే నూకరత్నం ఎక్కించింది.

ఆమె చెప్పింది సోమసుందర్ పూర్తిగా విన్నాడు. వెంటనే మిగిలిన ఇళ్ళకి ఫోన్లు చేయించి కొత్త ప్రోగ్రాం ఆపించాడు. అంతవరకూ మంచి మనిషే. కానీ యంత్రంలో లోపం ఉందంటే ఒప్పుకోలేదు. తాతాజీగారి కుర్చీ తెప్పించి తీగలు, మోటారు, బెల్టు అన్నీ మధ్యాహ్నం రెండింటికల్లా విప్పి చూశారు. ఎక్కడా వంక లేదు. నూకరత్నమే యాభైసార్లు ఎక్కి దిగింది. యాభైసార్లూ కుర్చీ మర్యాదగా ప్రవర్తించింది.

"పిఠాపురం సంగతి మర్చిపోయావా రత్నం?" అన్నాడు. "అక్కడా ఇదే."

మర్చిపోలేదు. మూడు వారాల కిందట, ఆ ఆరు ఇళ్ళలో ఒకటైన పిఠాపురం ఇంట్లో అనసూయమ్మ అనే రిటైరైన హిందీ పండిట్ ఇలాగే మెట్ల మధ్యలో కుర్చీలోంచి పడి, పది రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయింది. ట్యాబ్‌లో ఇదే వాక్యం, తొంభై నాలుగు శాతం. ఇంటివాళ్ళు దాన్ని పైకి రానివ్వలేదు. కాలు జారిందని చెప్పుకున్నారు.

"బతకడం విసుగెత్తినవాళ్ళని యంత్రం ఏం చేస్తుంది? వాళ్ళు కోరింది అది చేసింది. మనిషి నోరు అబద్ధమాడుతుంది. కండరం ఆడదు."

"మెట్ల మధ్యలో కుర్చీ తిరగకుండా తాళం వెయ్యొచ్చు కదండీ?"

మలుపు దగ్గర కిటికీలోంచి వీధి చూడాలనుకునేవాళ్ళు ఉంటారనీ, ఎక్కడ దిగాలో మనిషే తేల్చుకోవాలనీ, తాళం వేస్తే అది మళ్ళీ జైలే అవుతుందనీ ఆయన జవాబు. వాళ్ళమ్మ గుర్తొస్తే ఆయన ఇక ఎవరి మాటా వినడు. రేపు పదకొండింటికి నిపుణుల కమిటీ వస్తోంది. ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ మూడువందల కుర్చీలు పెట్టాలా వద్దా అన్నది వాళ్ళు తేల్చాలి. రెండు ప్రమాదాలకీ కారణం కూర్చున్నవారి సంకల్పమేనని రిపోర్టు సిద్ధమైంది. కింద సంతకం పెట్టాల్సిన టెక్నీషియన్ నూకరత్నమే.

ఆమె పెన్ను తీసుకుని, క్యాప్ పెట్టి, తిరిగి ఇచ్చేసింది. రేపు పెడతానంది.

*

పిఠాపురం బస్సులో కండక్టర్ ఆమెని చూసి టికెట్ మిషన్ పక్కన పెట్టాడు. ఏడేళ్ళు కలిసి అదే రూటులో కండక్టర్లుగా పనిచేసినవాళ్ళు.

"ఏంటి రత్నం, కుర్చీల ఉద్యోగం బోరు కొట్టేసిందా? సంచీ అందుకో, నే కూర్చుంటా."

"నీ కలెక్షన్ చూసి మీ మేనేజరు ఏడుస్తున్నాడంట, ఆ కన్నీళ్ళు తుడవడానికొచ్చానురా," అని పిఠాపురానికి టికెట్ తీసుకుంది. ఆ ఏడేళ్ళ పని వల్లే సోమసుందర్ తనని చేర్చుకున్నాడని ఆమెకి గర్వం. అంతకుముందే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసింది గానీ, ఆయన చూసింది సర్టిఫికెట్టు కాదు. ముసలివాళ్ళనీ, కాళ్ళు రానివాళ్ళనీ ఎక్కించి దించడం ఆమెకి చేతనైనట్టు ఇంకెవరికీ కాదని ఆయన నమ్మకం.

అనసూయమ్మ కొడుకు పద్మనాభం గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. కుర్చీవాళ్ళు మళ్ళీ ఎందుకొచ్చారన్నాడు. హాల్లో గోడకి తండ్రి ఫోటో ఉంది, పక్కన మేకు ఉంది. మేకుకి ఏమీ లేదు. నూకరత్నం చూపు అక్కడే ఆగడం గమనించి, ఫోటో చేయించామనీ, తగిలించబుద్ధి కాలేదనీ అతనే చెప్పాడు. తను, భార్య, ఇద్దరు పిల్లలు ఇంట్లో ఉండగా, ఒంటిగంట భోజనాల వేళ ఆవిడ అలా వెళ్ళిపోవాలనుకుందంటే, ఆ మొహాన్ని రోజూ ఎలా చూడమంటారని అడిగాడు.

ఆమె ఓదార్చలేదు. ఓదార్చే హక్కు ఇంకా రాలేదనుకుంది. రెండు ప్రశ్నలు మాత్రం అడిగింది.

"అమ్మగారికి పక్షవాతం ఏ పక్కకండీ?"

"కుడి పక్క. మాట కూడా పోయింది."

"కుర్చీ ఎక్కడ తిరిగింది?"

అతను మెట్ల మలుపు వైపు వేలు చూపించాడు. అక్కడ పట్టా వంపు తిరుగుతుంది. వంపు దగ్గర కుర్చీ అరంగుళం పక్కకి ఒరుగుతుంది. మామూలు మనిషికి తెలియనే తెలియదు. తాతాజీగారి ఇంట్లో పదకొండో మెట్టు దగ్గర ఉన్నది కూడా వంపే.

రేపు పదకొండింటికి జగన్నాథపురం రమ్మని అతణ్ణి పిలిచింది. ఎందుకన్నాడు.

"మీ అమ్మగారి ఫోటో తగిలించుకోవాలో వద్దో తేలుతుంది," అంది.

*

సాయంత్రం అయిదున్నరకి ఆమె తాతాజీగారి ఇంటికి ఒక విడి తీగల దిండు మోసుకెళ్ళింది. ఆయన్ని అప్పటికే కింద సామాన్ల గదిలోకి మార్చారు. కిటికీ అవతల పక్కింటి గోడ ఉంది. మంచం అంచుకి తువ్వాలుతో ఆయన నడుం వదులుగా కట్టి ఉంది. ఆ ముడి వేసింది హైమవతే. ముడి వదులుగా ఉండటంలోనే ఆమె ఎంత నలిగిందో తెలుస్తోంది.

దిండుని భోజనాల బల్ల కుర్చీ మీద వేసి, తువ్వాలు ముడి విప్పి, ఆయన్ని కూర్చోబెట్టింది. ఇది నేల మీద ఉంది, ఎక్కడికీ కదలదని చెప్పింది. ట్యాబ్ ఆయనకి కనిపించేలా పట్టుకుంది.

"బాబాయ్‌గారూ, మీరేం ఆలోచించొద్దు. ఓడల గురించి ఆలోచించండి. నేను ఒక్కసారి కుర్చీని పక్కకి వంచుతాను."

కుర్చీని అరంగుళం వంచింది. కుడిపక్క ఒళ్ళంతా ఇసకమూటలా జారింది. సర్దుకోవడానికి ఆయన ఎడమపాదం నేలకి తన్నిపెట్టి ఒళ్ళు పైకి జరుపుకున్నారు. ఏ మనిషయినా చేసే పనే.

తెర మీద అంకె ఎగిరింది. దిగాలన్న సంకల్పం: 95 శాతం.

నూకరత్నం కుర్చీని తిన్నగా పెట్టింది. మళ్ళీ వంచింది. మళ్ళీ తొంభై అయిదు. పట్టుకున్నానన్న సంతోషంతో తలెత్తి చూసింది. గుమ్మంలో హైమవతి నిలబడి తెరనే చూస్తోంది. ఆమె మొహం పాలిపోయింది.

"చూశావా, ఇప్పుడు కూడా వెళ్ళిపోవాలనే అనుకుంటున్నారు," అంది నెమ్మదిగా. "నేల మీద కూర్చోబెట్టినా అదే మాట."

నూకరత్నం ఒళ్ళు సర్దుకోవడం గురించి చెప్పింది, ఎడమకాలి గురించి చెప్పింది. హైమవతి విన్నది. విని ఒకే ప్రశ్న వేసింది. ఎడమకాలు కదిపితే దిగాలని ఎందుకు అర్థం కావాలి, డాక్టరుగారు అంత పిచ్చిగా కడతారా? కనిపెడతానంది నూకరత్నం. జవాబు లేకపోతే రేపు పన్నెండింటికి బండి వస్తుంది.

తాతాజీగారు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. నోటికి బదులు, చేతికి బదులు, ఆయన దగ్గర ఇప్పుడు కళ్ళు మాత్రమే మిగిలాయి. యంత్రం తన తరఫున అబద్ధపు సాక్ష్యం చెబుతుంటే కాదనడానికి ఆ కళ్ళు చాలడం లేదు.

*

కుర్చీ దేన్నీ పుట్టుకతో నేర్చుకురాలేదు. మనుషుల్ని చూసి నేర్చుకుంది. రెండేళ్ళ కిందట నాలుగు నెలలపాటు రెండువందల నలభై మందిని షెడ్డుకి పిలిచి, దిండు మీద ఎక్కించి దించి, వాళ్ళ కండరాల అలలు కుర్చీకి పట్టించారు. ఎవరు ఎప్పుడు ఎక్కారో, ఎప్పుడు దిగారో గుర్తులు పెట్టడానికి వీడియోలు తీశారు. గుర్తులు పెట్టేశాక వాటిని మళ్ళీ ఎవరూ తెరవలేదు.

తెల్లవారి ఆరింటికి షెడ్డు తాళం తీసి నూకరత్నం వాటిని తెరిచింది. అన్నీ నడుం నుంచి కిందికే తీసినవి. పంచెలు, చీర కుచ్చిళ్ళు, లుంగీలు, చెప్పులు విప్పిన పాదాలు. శబ్దం తీసేసి వేగంగా తిప్పింది. పదో పాదాల జతకి అనుమానం వచ్చింది. యాభయ్యో జతకి అనుమానం పోయింది.

ఎక్కేటప్పుడు అందరూ కుడికాలే ముందు పెట్టారు. అందులో వింత లేదు. కొత్త ఇంట్లోకైనా, కొత్త బండిలోకైనా కుడికాలే కదా. వింత అంతా దిగేటప్పుడు. దిగేటప్పుడు అందరూ ఎడమకాలు ముందు పెట్టారు. రెండువందల నలభై మందిలో ఒక్కరూ తప్పలేదు. మనుషులు అంత క్రమంగా ఉండరు. మనసుకొచ్చినట్టు దిగితే సగం మంది అటు, సగం మంది ఇటు దిగుతారు. వీళ్ళు మాత్రం కవాతు చేసినట్టు దిగారు.

అంటే కుర్చీ నేర్చుకున్నది మనసుని కాదు. కుడికాలి అల ముందు లేస్తే ఎక్కడం, ఎడమకాలి అల ఒంటరిగా ముందు లేస్తే దిగడం. రెండు కాళ్ళూ ఉన్నవాడు ఒళ్ళు సర్దుకుంటే రెండు అలలూ కలిసి లేస్తాయి, ఏ గొడవా లేదు. ఎడమపక్క పడిపోయినవాడికి కుడి అల ఒక్కటే లేస్తుంది, వచ్చి కూర్చుంటున్నాడనుకుని కుర్చీ కదలక కూర్చుంటుంది. కుడిపక్క పడిపోయినవాడికి మాత్రం ప్రతి కదలికా ఎడమకాలిదే. ఆ మనిషి దురద పెట్టి కదిలినా, వెన్ను నొప్పి పుట్టి కదిలినా కుర్చీకి ఒకటే వినిపిస్తుంది. దిగాలి. పైగా కుడిపక్క పడిపోయినవాళ్ళకే ఎక్కువగా మాట కూడా పోతుంది. కాదని చెప్పలేనివాళ్ళనే అది ఎంచుకుంది.

అయితే అందరూ ఒకేలా ఎందుకు దిగారు? ఎవరో చెప్పి ఉండాలి.

నూకరత్నం మొదటి వీడియోకి వెనక్కి వెళ్ళి శబ్దం పెట్టింది.

ఒక గొంతు వినిపించింది. చనువుగా, గడగడా, వెయ్యిసార్లు అన్న మాటని వెయ్యిన్నొకటోసారి అంటున్న గొంతు. రెండో వీడియోలోనూ అదే. ఇరవయ్యో దానిలోనూ అదే. మాట మారలేదు, రాగం మారలేదు. ఇరవై ఒకటోది తెరవబోయి ఆగింది. ఆ గొంతు ఎవరిదో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

కాసేపు అలాగే కూర్చుంది. ఈ వీడియోలకి ఇంకో కాపీ లేదని ఆమెకి తెలుసు. పదేళ్ళయినా వీటి శబ్దం వినాలన్న ఆలోచన ఎవరికీ రాదనీ తెలుసు. డాక్టరుగారు కొత్త ప్రోగ్రాం సరిచేసుకుంటారు, కుర్చీలు మళ్ళీ మర్యాదగా తిరుగుతాయి, ఎవరికీ ఏమీ కాదు. పడిపోయినవాళ్ళు మాత్రం చావాలనుకున్నవాళ్ళుగానే మిగిలిపోతారు.

వీడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి జాకెట్టులో దోపుకుంది. హైమవతికి ఫోన్ చేసి, విశాఖపట్నం బండి పదకొండింటికే జగన్నాథపురం వచ్చేలా చూడమంది. బాబాయ్‌గారిని వెంట తీసుకురమ్మంది.

*

కమిటీలో నలుగురున్నారు. అధ్యక్షురాలు నరాల వైద్యురాలు మృణాళిని. ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే రాసుకుంటూ మాట్లాడుతుంది. మిగిలిన ముగ్గురిలో అందరికంటే బరువైనాయన, ఆసుపత్రి భవనాల ఇంజనీరు సత్తిరాజు. గది వెనక వరుసలో పద్మనాభం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అతని పక్కన చక్రాల కుర్చీలో తాతాజీగారు, ఆ వెనక హైమవతి. బయట విశాఖపట్నం బండి ఆగి ఉంది.

రిపోర్టు మీద సంతకం ఏదని మృణాళిని అడిగింది. దానికి ముందు పదినిమిషాలు కావాలని నూకరత్నం లేచి నిలబడింది. సోమసుందర్ కనుబొమ్మలు ముడివేశాడు గానీ అడ్డుచెప్పలేదు.

ఆమె సత్తిరాజుగారిని దిండు మీద కూర్చోమంది. కుడికాలు పూర్తిగా వదిలేసి, అది లేదనుకోమంది. కుర్చీని పక్కకి వంచుతాను, ఎడమకాలితో ఒళ్ళు సర్దుకోండి అంది. ఆయన సర్దుకున్నాడు. గోడమీది పెద్ద తెరలో అంకె ఎగిరింది. దిగాలన్న సంకల్పం: 93 శాతం.

"మీకు చావాలని ఉందాండీ?" అని అడిగింది నూకరత్నం.

"లేదమ్మా. టీ ఎప్పుడిస్తారా అని చూస్తున్నా."

ముందు వరుసలో నవ్వారు. వెనక వరుసలో ఎవరూ నవ్వలేదు. హైమవతి చెయ్యి తండ్రి భుజం మీదికి వచ్చి ఆగింది. మృణాళిని కలం ఆపి, ఆ పనే మళ్ళీ చేసి చూపించమంది. ఈసారి తనే వెళ్ళి కూర్చుంది. తొంభై రెండు. లేచి చీర సర్దుకుని, సోమసుందర్ వైపు తిరిగి, మీ యంత్రం చదువుతున్నది సంకల్పాన్ని కాదు, ఏ కాలు ముందు కదిలిందో దాన్ని అని చెప్పింది.

సోమసుందర్ మొహంలో రక్తం లేదు. తప్పించుకునే మనిషి మాత్రం కాదు.

"మెట్ల మధ్యలో తాళం వద్దన్నది నేనే," అన్నాడు. "అది రాసుకోండి. కానీ కాలికీ దిగడానికీ ఈ ముడి ఎక్కడ పడిందో నాకు అర్థం కావడం లేదు. మేమెవరికీ ఏ కాలో చెప్పలేదు. నేను రాసిన సూచనల్లో ఆ మాటే లేదు."

నూకరత్నం పెన్‌డ్రైవ్ పెట్టి వీడియో తిప్పింది. తెర మీద జరీ అంచు చీర, పసుపు రాసుకున్న రెండు పాదాలు. షెడ్డులోని పాత స్పీకర్లలోంచి గొంతు గట్టిగా వచ్చింది.

"కుడికాలు పెట్టి ఎక్కండమ్మా, శుభం. ఆ, కూర్చోండి... అయిపోయింది, దిగండి. ఎడంకాలు ముందు, ఎడంకాలు ముందు. తొందరలేదు, ఆగే ఉంది."

పంచె కట్టు, అదే మాట. లుంగీ, అదే మాట. ఎడంకాలు ముందు, ఎడంకాలు ముందు. కదిలే బస్సులోంచి ముసలివాళ్ళు వెనక్కి పడకుండా ఉండటానికి కండక్టర్లు చెప్పే మాట. ఏడేళ్ళు రోజుకి అయిదారువందల మందికి చెప్పి చెప్పి, నోటికి అంటుకుపోయి, చెబుతున్నట్టు చెప్పేవాళ్ళకే తెలియని మాట. పదకొండో వీడియో దగ్గర సోమసుందర్ కళ్ళు మూసుకున్నాడు. ఆ గొంతు ఎవరిదో ఆయన గుర్తుపట్టాడు.

పద్మనాభం లేచి నిలబడ్డాడు.

"అంటే మా అమ్మ..."

"మీ అమ్మగారు వంపు దగ్గర ఒళ్ళు సర్దుకున్నారండి. అంతే. ఎక్కడికీ వెళ్ళిపోవాలనుకోలేదు." నూకరత్నం అతని కళ్ళలోకి చూస్తూనే చెప్పింది. తర్వాత చక్రాల కుర్చీ వైపు తిరిగింది. "బాబాయ్‌గారూ అంతే. జడ వదల్లేదు ఆయన."

హైమవతి తండ్రి ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఛాతీకి కట్టి ఉన్న చేతి వేళ్ళ మీద తల ఆనించింది. ఆ వేళ్ళు నెమ్మదిగా ఆమె జుట్టులోకి కదిలాయి. బయట బండి డ్రైవరు హారన్ కొడితే సత్తిరాజుగారే లేచి వెళ్ళి, ఇక్కడ పేషెంటు ఎవరూ లేరని చెప్పి పంపించేశాడు.

సోమసుందర్ గొంతు సవరించుకున్నాడు. ఇది నేర్పించడంలో జరిగిన పొరపాటనీ, రిపోర్టులో ఎవరి పేరూ అక్కర్లేదనీ, బాధ్యత ప్రయోగశాలదని రాస్తే చాలనీ అన్నాడు. ఆయన ఎవరిని కాపాడుతున్నాడో గదిలో ఇద్దరికే తెలుసు.

మృణాళిని ఒప్పుకోలేదు. ఒక మనిషి చనిపోయింది, ఇంకొకాయన్ని పిచ్చివాడి కింద జమకట్టబోయారు, తర్వాత కుర్చీలు కట్టేవాళ్ళకి ఇది ఎలా జరిగిందో తెలియాలంటే గాలికి వదిలేస్తే కుదరదంది. కాగితం ముందుకి జరుపుకుని కలం క్యాప్ తీసింది.

"ఆ గొంతు ఎవరిది?"

సోమసుందర్ తల వద్దన్నట్టు కదిలింది. నూకరత్నం చూసింది, చూసి కూడా ఒక అడుగు బల్ల దగ్గరికి జరిగింది.

"నాది మేడమ్," అంది, వెనక వరుసకి కూడా వినపడేలా. "అనసూయమ్మగారిని పడేసింది ఆవిడ మనసు కాదు. ఈయన భుజం కీలు తప్పించింది ఈయన కాదు. రెండువందల నలభై మందికీ నేనే చెప్పాను. మేడిశెట్టి నూకరత్నం. రాసుకోండి."